తొందరేం లేదన్న మాట

"తొందర లేదని అన్నదెవరు?" క్రెయిగ్ మూడోసారి అడిగాడు.

ఫోను అట్టపెట్టె మీద ఉంది. బల్లను మంగళవారమే విప్పేశారు కాబట్టి ఇంట్లో ఇప్పుడు బల్ల అంటే ఆ పెట్టే. దాని చుట్టూ నలుగురూ నిలబడి, స్పీకరులోంచి వచ్చే ఏజెంటు ఆఫీసు అమ్మాయి గొంతు వింటున్నారు.

"నాకు పేరు తెలీదండీ. మిస్టర్ ఓట్స్ లాయరు చెప్పిందే నేను చెబుతున్నాను. కింది కొనుగోలుదారుల తరఫున ఎవరో, తొందరేం లేదు, మీ వీలు చూసుకోండి అన్నారట. అందుకని ఆయన జూన్ దాకా ఆగుతానంటున్నారు."

"జూనా? ఇది ఫిబ్రవరి!"

"అవునండీ. పెరట్లో బంగాళదుంపలు వేస్తున్నారట. తవ్వుకున్నాక వెళ్తారట."

"దుంపలు!" అన్నాడు క్రెయిగ్. పాతికేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి, తాగివచ్చి తిట్టినవాళ్లతో కూడా మర్యాదగా మాట్లాడతాడని డిపోలో పేరు. ఇప్పుడు మాత్రం మెడ మీద నరాలు లేచాయి. "అమ్మాయ్, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి నేను ఈ ఇంటి తాళాలు ఇచ్చెయ్యాలి. ఈ ఓనరు మేనల్లుడు అప్పుడే మా కిటికీలకు పరదాలు కొలుచుకుని పోయాడు. ఇవాళ బుధవారం. నేను ఎక్కడికి పోనూ?"

"నాకు అర్థమవుతోందండీ."

"నీకేం అర్థమవుతుంది!"

"మళ్లీ ఏమైనా తెలిస్తే ఫోన్ చేస్తానండీ," అని ఆ అమ్మాయి మర్యాదగా పెట్టేసింది.

డెనీస్ ఇంతసేపూ మొగుడి మొహం వైపు చూడలేదు. చేతిలో ఉన్న టేపుచుట్ట అంచు వెతుకుతూ నిలబడింది. అంచు దొరికింది, పోయింది, మళ్లీ దొరికింది.

కోల్డ్‌వెల్‌లో ఇల్లు కొనడమంటే మరో రెండు ఇళ్లతో ముడిపడ్డ పని. ఓట్స్ తన ఇల్లు ఖాళీ చేసి సముద్రపు ఒడ్డున కూతురి ఊరికి వెళ్తే, గిబ్బన్స్ అనే కుర్రజంట ఆయన ఇంట్లోకి మారతారు. వాళ్లు మారితే, లార్చ్ వీధిలో వాళ్ల ఇంట్లోకి వీళ్లు మారతారు. ముగ్గురూ ఒకేరోజు సంతకాలు చెయ్యాలి. చేసేదాకా ఎవరైనా, ఏ నిమిషానైనా, సారీ అని తప్పుకోవచ్చు. అడిగే హక్కు ఎవరికీ లేదు. ఈ ముగ్గురి ఇళ్లూ నిజానికి ఒకదానికొకటి పది నిమిషాల నడకలో ఉన్నాయి. నాటింగ్‌హామ్ నగరంలో కొనే తాహతు లేనివాళ్లంతా రింగురోడ్డు దాటి ఇక్కడికి చేరారు. ఇక్కడినుంచి ఇంకెక్కడికీ పోలేక, జీవితమంతా ఈ నాలుగు వీధుల్లోనే ఇటునుంచి అటు జరుగుతారు. ఒకే అచ్చులో పోసినట్టున్న జంట ఇళ్లు, గులకరాళ్లు అద్దిన గోడలు, ఇంటి ముందు మూడు రంగుల చెత్తడబ్బాలు. అందులోనే తమది అని చెప్పుకోవడానికి ఒకటి దొరుకుతుందని డెనీస్ పద్నాలుగేళ్లు అద్దె ఇంట్లో కాచుకుంది.

"గిబ్బన్స్ పెళ్లాం అనుంటుంది," అన్నాడు క్రెయిగ్. "దానికి నోరాగదు."

"కింది కొనుగోలుదారులు అంటే మనమే నాన్నా, వరసలో చివర ఉన్నది మనమేగా," అంది హోలీ. పదేళ్ల పిల్ల. పెట్టెల మీద రంగు పెన్నులతో 'వంటిల్లు', 'అమ్మ బూట్లు', 'నానమ్మ, జాగ్రత్త' అని రాసింది తనే. "నీ తరఫు అంటే నువ్వూ, అమ్మా, నేనూ, నానమ్మా. నేను అనలేదు."

క్రెయిగ్ మెల్లగా తల్లి వైపు తిరిగాడు.

మ్యూరియల్ ఇంకా కట్టని ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. కిందటేడు తుంటి విరిగాక మెట్లెక్కలేదు. లార్చ్ వీధి ఇంట్లో కిందనే స్నానాలగది ఉందనే వీళ్లు ఆ ఇంటికోసం పట్టుబట్టారు. ఆవిడ మాత్రం ఆ ఇంటిని చూసొచ్చిన రోజునుంచీ రోజుకొక వంక పెడుతూనే ఉంది. వంటింటి పక్కన కక్కసేమిటి, అటుపక్క ఇంటివాళ్ల కుక్కేమిటి, బస్టాపు దూరమేమిటి.

"అమ్మా, నిన్న ఊరి హాల్లో మంగళవారం భోజనాల దగ్గర ఓట్స్ నీ పక్కనే కూర్చున్నాడు కదూ?"

"నేను వాడి పక్కన కూర్చోలేదు. వాడే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడికి చెవులు వినపడవు, నా పక్కన కూర్చుంటే వినిపిస్తుంది."

"నువ్వేమన్నావు?"

"గ్రేవీ ఇటు జరుపు అన్నాను."

"అమ్మా!"

మ్యూరియల్ కొడుకు మొహం చూసింది. తర్వాత కోడలి చేతిలో టేపుచుట్ట చూసింది. అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగింది. డెనీస్ టేపుచుట్టను వెనక్కి దాచుకుంది.

"అన్నాను," అంది మ్యూరియల్. "తొందరేం లేదు అన్నాను. ఏం, అనకూడదా? ఆ కొంపలోకి వెళ్లాలని ఎవడేడుస్తున్నాడు ఇక్కడ?"

డెనీస్ నోరు తెరిచింది. "క్రెయిగ్, సారీ, అది..."

"నువ్వెందుకు సారీ చెప్తావు? నువ్వాగు," అన్నాడు క్రెయిగ్. ఆ తర్వాత అతని గొంతు లేవలేదు. లేచినా బాగుండేది. "పదేళ్లు దాచాం అమ్మా. శని ఆదివారాలు కూడా బండి నడిపాను. నీ తుంటి కోసం వెతికిన ఇల్లు అది. నీ కోసం."

అతను వెనక తలుపు తీసుకుని వెళ్లి, వానలో చెత్తడబ్బాల పక్కన నిలబడ్డాడు. సిగరెట్టు మానేసి ఆరేళ్లయింది, అందుకని ఊరికే నిలబడ్డాడు. హోలీ మెట్లెక్కి, ఖాళీ గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

"మ్యూరియల్," అంది డెనీస్, గొంతు తగ్గించి. "మీరెందుకు..."

"సోమవారం ఇల్లంతా నిమ్మకాయ కేకు వాసన," అంది అత్త. "ఇంట్లో ఒక్కరికీ ముక్క పెట్టలేదు. నాకు కాళ్లు పోయాయి గానీ ముక్కు పోలేదు."

డెనీస్ పెట్టె మీద కూలబడింది. 'వంటిల్లు' అని రాసిన అట్ట కిందికి వంగింది.

"క్రెయిగ్‌కి నేను చెప్పేస్తాను. ఇప్పుడే చెప్పేస్తాను."

"చెప్పి ఏం చేస్తావు? వాడు నా మీద కోపగిస్తే నాలుగు రోజులు. తల్లి కదా, ఐదో రోజు టీ పెట్టి తెస్తాడు. పెళ్లాం మీదయితే లోపల పెట్టుకుంటాడు. వాళ్ల నాన్న నా మీద ఒక్క మాట కోసం పందొమ్మిదేళ్లు కోపం పెట్టుకున్నాడు, అదేం మాటో చచ్చేటప్పటికి ఇద్దరం మర్చిపోయాం. నువ్వు నోరు మూసుకో."

"తప్పు నాది కదా."

"ఎవరు కాదన్నారు? మూర్ఖురాలివి. అయినా నోరు మూసుకో. టీ ఉందా, కెటిల్ కూడా కట్టేశావా?"

కెటిల్ కట్టలేదు. డెనీస్ టీ పెట్టింది. ఆ రాత్రి చేపా చిప్సూ తెచ్చుకుని, పళ్లేలు పెట్టెల్లో ఉన్నాయి కాబట్టి కాగితాల్లోనే తిన్నారు. క్రెయిగ్ ఉప్పు కూడా తల్లిని అడక్కుండా, లేచి వచ్చి తీసుకున్నాడు.

డెనీస్ చేసిన తప్పు దొంగతనం కాదు, మోసం కాదు. చెప్పుకుంటే నవ్వొచ్చే తప్పు.

ఇళ్లు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ నేరుగా మాట్లాడుకోకూడదు. ఏజెంటు ఉంటాడు, లాయర్లుంటారు, వాళ్లే మాట్లాడాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ ముసలాయన సంతకం ఆలస్యం చేస్తున్నాడని రెండు వారాలుగా ఫోన్ల మీద ఫోన్లు. సోమవారం స్కూలు వంటింట్లో డ్యూటీ ముగిశాక, ఒక కేకు చేసి పట్టుకెళ్లి, కాస్త త్వరగా కానివ్వండి బాబూ, శుక్రవారం తర్వాత మాకు నిలువ నీడ లేదు అని ముఖాముఖి అడిగేద్దామనుకుంది. దారి పొడవునా ఆ మాటలే నెమరేసుకుంది. కంచె పక్కగా వెళ్లి, గేటు తీసి, గంట నొక్కింది.

విల్‌ఫ్రెడ్ ఓట్స్ తలుపు తీశాడు. కోటు బొత్తాలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. ఆమె ఎవరో చెప్పగానే ఆయన మొహంలో రక్తం దిగిపోయింది.

"అయ్యో, మీరా! నేను మిమ్మల్ని చాలా ఇబ్బంది పెడుతున్నాను కదూ?"

అదుగో, అక్కడే. అవునండీ అంటే పనయిపోయేది. ఒక్క మాట. కానీ కోల్డ్‌వెల్‌లో పుట్టి, పెరిగి, నలభై నాలుగేళ్లు బతికిన మనిషి, ఒక ముసలాయన గుమ్మంలో నిలబడి అవునండీ ఇబ్బందే అని ఎలా అంటుంది? ఆ ఊళ్లో కాలు విరిగినవాడు కూడా 'ఏం లేదు, బానే ఉన్నా' అంటాడు.

"అబ్బెబ్బే, అదేం లేదండీ," అంది డెనీస్.

"కూతురేమో తొందర పెడుతోంది. నేనేమో..." ఆయన కిటికీ గట్టు వైపు చూశాడు. కోడిగుడ్ల అట్టల్లో బంగాళదుంపలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మొలకలు ఊదారంగులో ముక్కులు పెడుతున్నాయి. "ఇవి భూమిలో పెట్టాలి. మా ఆవిడ ఉన్నప్పటినుంచీ ఏటా పెడతాను. అక్కడ ఫ్లాటులో మట్టి ఉండదుట. కిటికీలో డబ్బా పెట్టుకోవచ్చుట."

"మీ వీలు చూసుకోండి మిస్టర్ ఓట్స్."

"మీకు మరి తొందరేమో?"

"తొందరేం లేదండీ."

"నిజంగానా?"

"నిజంగా. మా గురించి మీరేం ఆలోచించకండి."

ఆయన ఆమె చేతులు రెండూ పట్టుకుని ఊపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కేకులో రెండు ముక్కలు అక్కడే తిన్నాడు. వచ్చిన పని చెప్పనే లేదని ఆమెకు గేటు దాటాక గుర్తొచ్చింది. అయినా, ఆయన అర్థం చేసుకుంటాడులే అనుకుంది. మా గురించి ఆలోచించకండి అంటే కాస్త ఆలోచించండి అని అర్థం, ఆ దేశంలో చంటిపిల్లకు కూడా తెలుసు. ఓట్స్‌కీ తెలుసు. కానీ మనిషి ఒక మాట కోసం ఆరు నెలలుగా ఎదురుచూస్తున్నప్పుడు, ఆ మాట ఎవరైనా అంటే, దాని లోపలేముందో విప్పి చూడడు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి పిల్లల పళ్లేలు కడిగి, చేతులు తుడుచుకుని, ఏప్రన్‌తోనే డెనీస్ ఓట్స్ ఇంటికి నడిచింది. పొద్దున్నే క్రెయిగ్, ఇల్లు లేనివాళ్లకు చోటు చూపించే కౌన్సిల్ ఆఫీసుకు ఫోన్ చేసి, లైన్లో గంటన్నర పాట విన్నాడు. చివరికి మనిషి పలికి, రింగురోడ్డు మీద హోటల్లో ఒక గది ఇస్తామన్నారు. రెండో అంతస్తు. లిఫ్టు లేదు. ఒక గదిలో ముగ్గురికే అనుమతి. ఆ మాట చెబుతూ అతను తల్లి వైపు చూడలేదు. తల్లి మాత్రం 'ముగ్గురు' అన్న చోట తలూపింది.

ఈసారి డెనీస్ కేకు తీసుకెళ్లలేదు.

ఓట్స్ పెరట్లో ఉన్నాడు. పార ఊతగా పట్టుకుని నిలబడి, తవ్విన సాలు చూసుకుంటున్నాడు. ఆమెను చూసి చెయ్యెత్తాడు.

"రండి తల్లీ, రండి! టీ తాగుతారా?"

"వద్దండీ. నేను... సారీ, నేను ఒక మాట చెప్పాలి."

"చెప్పండి."

"మాకు తొందర ఉంది."

ఆయనకు వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. డెనీస్ ఒకసారి పక్కింటి కిటికీ వైపు చూసి, గట్టిగా, దాదాపు అరిచినట్టే చెప్పింది. "మాకు తొందర ఉందండీ! రేపు పన్నెండుకి మా ఇల్లు పోతుంది! మేం ఎక్కడికి పోవాలో మాకు తెలీదు! సోమవారం ఇదే చెప్పడానికొచ్చాను, చెప్పలేకపోయాను!"

జీవితంలో ఎప్పుడూ ఒక పరాయి మనిషి మీద అంత గొంతు లేపలేదు. వెంటనే సారీ అంది. ఓట్స్ కూడా సారీ అన్నాడు. ఇద్దరూ తడిమట్టి మధ్య నిలబడి, నాదే తప్పు అంటే నాదే తప్పు అని కాసేపు ఒకరికొకరు చెప్పుకున్నారు. దానివల్ల ఒక్క సంతకం కూడా కాలేదు.

"మీరు సోమవారమే అని ఉంటే..." అన్నాడు ఆయన. పార వదిలేసి గోడకు ఆనుకున్నాడు. "ఇప్పుడు ఎలాగమ్మా? ఆ రాత్రే కూతురికి ఫోన్ చేశాను. కొనేవాళ్లకే తొందర లేనప్పుడు నీకెందుకే అన్నాను. అది ఏడ్చింది, నన్ను నానా మాటలూ అంది. ముసలివాళ్లకిచ్చే ఆ ఫ్లాటు కోసం నా వెనక ఇంకొకావిడ కాచుకుని ఉందట. నిన్న పొద్దున్న ఆవిడకి ఇచ్చేశారు."

"ఇచ్చేశారా?"

"ఇచ్చేశారు. మళ్లీ ఒకటి ఖాళీ అయ్యేదాకా ఆగాలి. అక్కడ ఖాళీ ఎలా అవుతుందో మీకు తెలుసు కదా." ఆయన నవ్వబోయి మానేశాడు. "మీ పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు. మనం మాట్లాడుకోకూడదట కదా, మీకు మాటొస్తుందని. మ్యూరియల్ కోడలని కూడా చెప్పలేదు."

ఆయన డెనీస్ పేరు చెప్పి ఉంటే నిన్న సాయంత్రమే అంతా బయటపడేది. ఎవరి మంచితనం వాళ్లు చూపించి, అందరూ కలిసి ఈ గుంట తవ్వుకున్నారు.

"సంతకం పెడతాను, కావాలంటే ఇప్పుడే పెడతాను," అన్నాడు ఓట్స్. "కానీ నేనెక్కడికి పోను? కూతురిది మూడో అంతస్తు. మీరే చెప్పండి తల్లీ, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను."

నిజంగానే అడుగుతున్నాడు. ఆమె జవాబు కోసం చూస్తున్నాడు. డెనీస్ మొన్న తెలిసీ చెప్పలేదు, ఇవాళ చెప్పడానికేం లేదు. ఆయన కోటు బొత్తాలు మళ్లీ తప్పుగానే ఉన్నాయి. వాటిని విప్పి, సరిగ్గా పెట్టి, వచ్చేసింది.

వీధి మొదట్లోనే ఇంటి ముందు వెండిరంగు కారు కనిపించింది. సగం పేవుమెంటు మీద, సగం రోడ్డు మీద. క్రెయిగ్ అక్క జానెట్‌ది.

జానెట్ డర్బీలో ఉంటుంది. చేతులు శుభ్రంగా, ఇల్లు శుభ్రంగా, మాట కూడా తుడిచిపెట్టినట్టు ఉంటుంది. ఆమె ఇంట్లో రెండు రాత్రుల కన్నా ఎక్కువ ఉండలేనని మ్యూరియల్ ప్రతి క్రిస్మస్‌కీ చెప్పేది. ఇప్పుడు ఆవిడ కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, కారు ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒళ్లో మందుల సంచి. కారు వెనక, హోలీ 'నానమ్మ, జాగ్రత్త' అని రాసిన పెట్టె ఎక్కించారు.

"ఏమిటిది?" అంది డెనీస్, పరుగున వచ్చిన ఆయాసంతో.

"ఇంకేం చెయ్యమంటావు?" అన్నాడు క్రెయిగ్. డ్యూటీ యూనిఫాంలోనే ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేదు. "అమ్మ రెండో అంతస్తు ఎక్కలేదు. ముగ్గురికే గది. అక్క తీసుకెళ్తానంది."

"కొన్నాళ్లేలే," అంది జానెట్. "నాకూ మేడ మీదే గదులు. సోమవారం ఒక వృద్ధుల హోమ్ చూడ్డానికి వెళ్తున్నాం. చాలా మంచిదట. తోట కూడా ఉందట."

"హోమా?"

"ఊరికే చూడ్డానికి."

ఊరికే చూడ్డానికి అంటే ఏమిటో డెనీస్‌కి తెలుసు. ఆ మాటల భాష ఆమెదే. కారు అద్దం సగం దించి ఉంది. మ్యూరియల్ ఎదురుగా రోడ్డు మీద చెత్తడబ్బాల వరస చూస్తోంది. ఇంటి గుమ్మంలో హోలీ నిలబడి, ఏడవకుండా పెదవి కొరుక్కుంటోంది.

"ఆవిడ కాదు," అంది డెనీస్.

"ఏంటి?"

"ఓట్స్‌తో ఆ మాట అన్నది ఆవిడ కాదు. నేను. సోమవారం వాళ్లింటికి వెళ్లాను. తొందరేం లేదని నేనన్నాను. తప్పు నాది."

క్రెయిగ్ ఆమెను చూశాడు. కోపం వస్తుందనుకుంది. కేకలేస్తాడు, అదైనా నయం అనుకుంది. అతని మొహం మెత్తబడింది. వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"డెనీస్, వద్దు."

"నేను చెప్పేది నిజం!"

"నాకు తెలుసు నువ్వెందుకు చెప్తున్నావో. నీ కాలు తొక్కినవాడికి నువ్వే సారీ చెప్తావు. బస్సు లేటయితే నువ్వే డ్రైవరుకి సారీ చెప్తావు. నీకు పెళ్లప్పటినుంచీ అదే జబ్బు. అమ్మ తనే ఒప్పుకుంది కదా."

"ఒప్పుకుంది నా కోసం! అడుగు. ఓట్స్‌ని అడుగు, ఇప్పుడే అడుగు!"

"ఓట్స్ అమ్మతో కలిసి ఇరవై ఏళ్లుగా భోజనం చేస్తున్నాడు. అమ్మ ఏది చెప్పమంటే అది చెప్తాడు. పాపం ముసలాయన్ని కూడా ఇందులోకి ఎందుకు లాగుతావు?"

"మ్యూరియల్!" డెనీస్ అద్దం దగ్గరికి వంగింది. "చెప్పండి. మీరే చెప్పండి. దయచేసి."

మ్యూరియల్ మొదటిసారి ఇటు తిరిగింది. పౌడరు అద్దిన మొహం, గడ్డం కింద టోపీ రిబ్బను. కోడలిని చాలాసేపు చూసింది. పద్నాలుగేళ్లలో ఒక్కసారీ చూడని చూపు అది. డెనీస్ ఆ చూపు భరించలేకపోయింది.

"దీని మాట నమ్మకురా క్రెయిగ్," అంది మ్యూరియల్. "ఇది ఎప్పుడూ ఇంతే. పిచ్చిమేళం. జానెట్, బండి పోనీ. కాళ్లు లాగుతున్నాయి."

డెనీస్ చెయ్యి కారు తలుపు పిడి మీద ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. వేళ్లు తెల్లబడ్డాయి. వదలకపోతే కారు కదలదు. కదలకపోతే ఈ పూటకైనా ఆవిడ ఇక్కడే ఉంటుంది. అంతకు మించి ఆలోచన సాగలేదు.

జానెట్ ఇంజను ఆన్ చేసింది. వెనకాల ఎవరో హారను కొట్టారు. సగం రోడ్డు కారే తినేసింది, వెనక వచ్చే బస్సు ఆగిపోయింది. బస్సులో జనం కిటికీల్లోంచి చూస్తున్నారు.

"డెనీస్," అంది జానెట్, నెమ్మదిగా, నవ్వుతూనే. "కాస్త చెయ్యి తీస్తావా? నీకేం ఇబ్బంది లేకపోతే."

"సారీ," అంది డెనీస్.

ఆ మాట నోరు జారి వచ్చేలోపే చెయ్యి తలుపు వదిలేసింది.